గృహలక్ష్మి 2000: బెంగళూరు తెలుగువాళ్లు ఎలా దరఖాస్తు చేయాలి, ఎక్కడ ఇరుక్కుంటారు

గృహలక్ష్మి దరఖాస్తుకి వెళ్లినప్పుడు సేవా కేంద్రంలో "మనె యజమాని యారు" (ఇంటి యజమాని ఎవరు) అని అడిగితే "మాది అద్దె ఇల్లండీ, ఓనరు కింద ఉంటారు" అని చెప్పినవాళ్లని నేనే ఇద్దరిని చూశాను. కన్నడలో యజమాని అంటే ఇంటి పెద్ద ఆడమనిషి, మగాయన అయితే యజమాన అంటారు. ఇల్లు అద్దెదా సొంతదా అన్నదానితో ఈ పథకానికి పనే లేదు, రేషన్ కార్డులో ఇంటి పెద్దగా ఎవరి పేరు ఉందన్నదే మొత్తం కథ.

గృహలక్ష్మి కింద కర్ణాటక ప్రభుత్వం ఇంటికి ఒక మహిళకి నెలకి 2000 రూపాయలు బ్యాంకులో వేస్తుంది. 2023 జులైలో దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది, ఆగస్టు 30న మైసూరులో డబ్బు వేయడం మొదలుపెట్టారు.

మనిషికి ఇంత అని, ఏ షరతూ లేకుండా అందరికీ డబ్బు ఇచ్చేస్తే ఎలా ఉంటుందనే చర్చ మన దేశంలో చాలా రోజుల నుంచే ఉంది. 2016-17 ఆర్థిక సర్వేలో అప్పటి కేంద్ర ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ బృందం దీని మీద ఒక అధ్యాయమే రాసి, మనిషికి ఏడాదికి 7,620 రూపాయలు అని లెక్క కూడా వేసింది. ఆ లెక్కన ముగ్గురున్న ఇంటికి 22,860 వస్తుంది, గృహలక్ష్మి ఇంటికి ఇచ్చేది 24,000. అప్పటి రూపాయి ఇప్పటి రూపాయి ఒకటి కాదనుకోండి, అయినా అంకెలు దగ్గరగానే ఉన్నాయి. అందరికీ ఆదాయం అనేది ఢిల్లీ నుంచి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో గానీ, కర్ణాటకలో గృహలక్ష్మితో కలిపి ఎన్నికల హామీలైన ఐదు గ్యారంటీ పథకాలకి ఏడాదికి 50 వేల కోట్లకి పైగా పెడుతున్నారు కాబట్టి దానికి దగ్గరి చుట్టం మాత్రం మన వీధిలోకి వచ్చేసింది. తేడా ఒక్కటే, ఇది "అందరికీ" కాదు, కార్డు సరిగ్గా ఉన్నవాళ్లకి.

అందుకే ముందు కార్డు సంగతి చూసుకోండి. కర్ణాటక రేషన్ కార్డు ఉండాలి. అంత్యోదయ, బీపీఎల్, ఏపీఎల్ ఏదైనా ఫర్వాలేదు. దరఖాస్తు చేసే ఆవిడగానీ భర్తగానీ ఆదాయపు పన్ను కడుతుంటే, లేదా జీఎస్టీ రిటర్నులు వేస్తుంటే రాదు. మనవాళ్లలో చాలామంది కార్డు ఇంకా అనంతపురంలోనో మదనపల్లెలోనో ఉంటుంది. ఆంధ్రా కార్డు మీద ఇక్కడి రేషన్ షాపులో వేలిముద్ర వేసి కేంద్రం ఇచ్చే బియ్యం తెచ్చుకోవచ్చు, ఒకే దేశం ఒకే రేషన్ కార్డు అని ఆ సదుపాయం ఉంది, కానీ అదే కార్డు చూపించి గృహలక్ష్మి అడిగితే కుదరదు, ఇది రాష్ట్రం సొమ్ము. ఇక్కడ కార్డు కావాలంటే అక్కడి కార్డులో పేరు తీయించుకోవాలి. తొందరపడి ఇంటిల్లిపాదినీ తీయించకండి. ఊళ్లో అమ్మకి ఎన్టీఆర్ భరోసా పింఛను 4000 వస్తుంటే ఆమె పేరు కదిలించడం ఎందుకు, ఇక్కడ వచ్చే రెండు వేల కోసం అక్కడి నాలుగు వేలు పోగొట్టుకోవడమే అవుతుంది. పైగా ఇక్కడ కొత్త కార్డుల దరఖాస్తు ఏడాది పొడవునా తెరిచి ఉండదు, తెరిచారా లేదా అని ఆహార శాఖ సైట్ చూస్తూ ఉండాలి.

కార్డు ఉన్నా ఇంకో చిక్కు ఉంది. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఇంట్లో 18 నిండిన ఆడవాళ్లలో పెద్దావిడే కార్డులో ఇంటి పెద్ద. అంటే అత్తా కోడలూ ఒకే కార్డులో ఉంటే డబ్బు అత్తగారికే, కోడలు విడిగా వేస్తానంటే తీసుకోరు. మా బిల్డింగులో ఒక అత్తాకోడళ్లకి దీని మీద నెల రోజులు మాటల్లేవు. చివరికి కరెంటు బిల్లు కోడలు కట్టేట్టు, పాలు కూరగాయలు అత్తగారు చూసుకునేట్టు ఒప్పందం అయింది. పాత కార్డుల్లో మగాయన పేరు పెద్దగా ఉంటే అది ముందు మార్పించుకోవాలి, మారాకే గృహలక్ష్మి.

దరఖాస్తు మాత్రం పావుగంట పని. దగ్గర్లోని బెంగళూరు వన్ అనే ప్రభుత్వ సేవా కేంద్రానికి ఆవిడే స్వయంగా వెళ్లాలి, రేషన్ కార్డు, ఆమె ఆధార్, భర్త ఆధార్, బ్యాంకు పాసుబుక్, ఆధార్‌కి లింకైన ఫోను పట్టుకెళ్లాలి. ఆ ఫోను పనికి వెళ్లిన మొగుడి జేబులో ఉంటే ఓటీపీ దగ్గరే ఆగిపోతారు. ఫీజు లేదు. మా పక్కింటావిడ దగ్గర ఒక నెట్ సెంటరాయన రెండు వందలు తీసుకున్నాడు, అడిగితే "సర్వర్ చార్జీ" అన్నాడట. రసీదు తీసుకోకుండా కదలకండి.

మంజూరైందని చెప్పి డబ్బు పడలేదంటే నూటికి తొంభై సార్లు గొడవ బ్యాంకు దగ్గరే అని నా నమ్మకం. ఖాతాకి ఆధార్ నంబరు ఇచ్చాం కదా అనుకుంటాం, అది కేవైసీ కోసం. ప్రభుత్వం డబ్బు వేయాలంటే ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర ఆ ఆధార్ ఏ బ్యాంకుకి ముడిపడి ఉందో చూస్తారు, చివరిసారి ఏ బ్యాంకులో ఈ ముడి వేయించారో, అంటే సీడింగ్ చేయించారో అక్కడికే వెళ్తుంది. ఎప్పుడో ఊళ్లో డ్వాక్రా కోసం తెరిచి మర్చిపోయిన ఖాతాలో ఆరు నెలల డబ్బు మూలుగుతుండటం కూడా చూశాం. మై ఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ నొక్కితే బ్యాంకు పేరు కనపడుతుంది. డీబీటీ కర్ణాటక అనే ప్రభుత్వ యాప్ ఒకటి ఉంది, దాంట్లో ఏ నెల డబ్బు ఏ ఖాతాకి వెళ్లిందో చూడొచ్చు. కార్డులో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో కూడా చూడండి, లక్ష్మీదేవి ఒకచోట లక్ష్మీదేవమ్మ ఒకచోట ఉంటే ఇబ్బందే.

డబ్బు ప్రతి నెలా ఒకే తేదీకి పడదు, ఒక్కోసారి రెండు మూడు నెలలవి ఆలస్యంగా పడతాయి. కాబట్టి చీటీ కట్టడానికి దీన్ని నమ్ముకోకండి. అనుమానం ఉంటే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1902కి ఫోన్ చేయండి, రసీదు, రేషన్ కార్డు నంబరు చేతిలో పెట్టుకుని.