కెనడాలో ఉన్న జీవిత భాగస్వామి దగ్గరకు వెళ్లడం ఎలా? స్పాన్సర్‌షిప్ దరఖాస్తు మొదటి నుంచి చివరి వరకు

గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరో ఉన్న ఏదో ఒక కన్సల్టెన్సీ మెట్లెక్కి, సర్టిఫికెట్ల కట్టను అక్కడ ఒప్పజెప్పి, ఇక వీసా కోసం ఎదురు చూడటమే కెనడా స్పౌజ్ స్పాన్సర్‌షిప్ అని మన వైపు చాలామంది అనుకుంటున్నారు. బంధువులవీ తెలిసినవారివీ ఇటువంటి ఫైళ్లను ఏళ్ల తరబడి చదివి సరిచేస్తున్నాను. ఇబ్బందుల్లో పడిన ఫైళ్లలో కాగితం లేక ఆగినవి తక్కువ, ఉన్న కాగితాలు ఒకదానితో ఒకటి పొసగక ఆగినవే ఎక్కువ. అందుకని తేలికైన పనులను త్వరగా ముగించి, ఆ పొసగని చోటు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. సౌలభ్యం కోసం భర్త అక్కడ, భార్య ఇక్కడ ఉన్నట్టు రాస్తున్నాను. భార్య అక్కడ ఉండి భర్తను పిలిపించుకుంటున్నా నియమాలు ఇవే.

ముందు అర్హత

స్పాన్సర్ చేసే, అంటే భాగస్వామిని కెనడాకు పిలిపించుకునే వ్యక్తికి 18 ఏళ్లు నిండాలి. కెనడా పౌరుడో, పర్మనెంట్ రెసిడెంటో (పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా నివసించే హక్కు ఉన్నవారు) అయి ఉండాలి. పీఆర్ మాత్రమే ఉన్నవారు కెనడాలోనే నివసిస్తూ ఉండాలి. వైకల్యం కారణంగా తప్ప, ప్రభుత్వ సంక్షేమ సాయం మీద బతుకుతున్నవారు స్పాన్సర్ చేయలేరు. ఆయనే లోగడ భార్య స్పాన్సర్‌షిప్ మీద వెళ్లి, విడాకుల తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నవారైతే, తనకు పీఆర్ వచ్చిన నాటి నుంచి 5 ఏళ్లు ఆగాలి. ఇంత జీతం చూపించాలి, అంత జీతం చూపించాలి అని పెళ్లిళ్లలో వినిపించే మాట తల్లిదండ్రులను పిలిపించుకునే దరఖాస్తుకు సంబంధించినది. భార్య విషయంలో సాధారణంగా కనీస ఆదాయ పరిమితి లేదు. అయితే ఆమె పోషణ భారం తనదేనని 3 ఏళ్లకు హామీ ఇవ్వాలి, మధ్యలో విడిపోయినా ఆ హామీ రద్దు కాదు. క్యుబెక్‌లో ఉన్నవారికి ఆ ప్రాంత ప్రభుత్వంతో అదనపు తతంగం ఉంటుంది.

దరఖాస్తు తెరవకముందే తేల్చుకోవలసిన సంగతులు మూడు. అబ్బాయి పీఆర్‌కు దరఖాస్తు చేసినప్పుడు అవివాహితుడు, పీఆర్‌గా కెనడాలో దిగేలోపు ఇక్కడ పెళ్లి అయింది, ఆ సంగతి ఇమిగ్రేషన్ శాఖకు చెప్పలేదు: ఇదీ పరిస్థితి అయితే, అప్పుడు చెప్పని భార్యను ఇప్పుడు కుటుంబ సభ్యురాలిగా స్పాన్సర్ చేయడానికి నిబంధనలే అడ్డు వస్తాయి. అక్కడ ఆగి, ఇమిగ్రేషన్ లాయరును కలవడం మినహా మార్గం లేదు. రెండోది, పెళ్లి పీటల మీద ఇద్దరూ స్వయంగా ఉండాలి. ఫోనులోనో వీడియో కాల్‌లోనో జరిగిన పెళ్లిని 2015 జూన్ నుంచి కెనడా ఒప్పుకోవడం లేదు. మూడోది, ఇద్దరిలో ఎవరికైనా ఇంతకుముందు పెళ్లి జరిగి ఉంటే, పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితం మీద రాసుకున్న విడాకులను నమ్ముకోకూడదు. కోర్టు డిక్రీ ఉండాలి, రెండో పెళ్లి తేదీ ఆ డిక్రీ తర్వాతదై ఉండాలి.

కాగితాలు

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో తీసుకున్న వివాహ ధ్రువపత్రం కావాలి. ఇంద్రకీలాద్రి మీదనో అన్నవరంలోనో పెళ్లి చేసుకుని దేవస్థానం ఇచ్చిన రసీదు చాలనుకునేవారున్నారు, అది చాలదు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌ను పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారా తీసుకోవాలి. గత పదేళ్లలో వరుసగా 6 నెలలు, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి దేశం నుంచీ ఇటువంటిదే తెప్పించాలి. దుబాయిలోనో కువైట్‌లోనో ఉద్యోగం చేసి వచ్చినవారు ఈ పనిని అన్నిటికంటే ముందు మొదలుపెట్టాలి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. ఇంట్లో ఇంగ్లిష్ లెక్చరర్ ఉన్నా సరే, కుటుంబ సభ్యులు చేసిన అనువాదం చెల్లదు.

పెళ్లయ్యాక అమ్మాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చకూడదు. పదో తరగతి మార్కుల జాబితా నుంచి డిగ్రీ వరకు పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో భర్త పేరు చివర తగిలించిన మరొక రూపం, ఇలా మూడు పేర్లతో ఫైలు కడితే ప్రతి కాగితానికీ ఒక అఫిడవిట్ వెతుక్కోవలసి వస్తుంది. మార్చుకోవాలని అంత కోరిక ఉంటే అక్కడికి వెళ్లాక తీరిగ్గా మార్చుకోవచ్చు.

ఫారాలు

కెనడా ఇమిగ్రేషన్ ఫారాలను నంబర్లతో పిలుస్తారు. స్పాన్సర్ వైపు ఐఎంఎం 1344 (స్పాన్సర్ దరఖాస్తు), అమ్మాయి వైపు ఐఎంఎం 0008 (పీఆర్ దరఖాస్తు), 5669 (గత జీవిత వివరాలు), 5406 (కుటుంబ వివరాలు), ఇద్దరూ కలిసి నింపవలసిన 5532 (పెళ్లి బంధం వివరాలు) ముఖ్యమైనవి. వీటిని ఆన్‌లైన్ పోర్టల్‌లో నింపి, ఎక్కించి, రుసుము చెల్లిస్తారు. ఇందులో విద్వత్తు ఏమీ లేదు. 5669లో గత పదేళ్ల జీవితాన్ని ఒక్క నెల కూడా ఖాళీ వదలకుండా రాయాలి. బీటెక్ తర్వాత గ్రూప్స్ కోచింగ్ అంటూ అశోక్‌నగర్‌లో గడిపిన రోజులను, ఉద్యోగం లేక ఇంట్లో ఉన్న రోజులను ఉన్నవి ఉన్నట్టే రాయాలి. 5406లో చనిపోయిన తోబుట్టువుల పేర్లు కూడా ఉండాలి. ఈమెయిల్ చిరునామా మీదే అయి ఉండాలి. ఏజెంటు తన చిరునామా పెడతానంటే ఆ క్షణమే ఫైలు వెనక్కి తీసుకోవాలి. డబ్బు తీసుకుని మీ తరఫున పనిచేసేవారు కెనడాలో నమోదైన లాయరో, లైసెన్సు ఉన్న ఇమిగ్రేషన్ కన్సల్టెంటో అయి ఉండాలన్నది చట్టం.

అసలు పని: 5532

ఇందులో మీ పెళ్లి కథ అడుగుతారు. ఎవరి ద్వారా పరిచయం అయ్యారు, మొదటిసారి ఎప్పుడు కలిశారు, నిశ్చితార్థం ఎక్కడ, పెళ్లికి ఎవరెవరు వచ్చారు, ఇద్దరి తల్లిదండ్రులూ హాజరయ్యారా, హనీమూన్‌కు వెళ్లారా, తర్వాత ఎన్నిసార్లు కలుసుకున్నారు వంటి ప్రశ్నలుంటాయి. ఈ బంధం నిజమైనది కాదని అనిపించినా, ముఖ్యంగా ఇమిగ్రేషన్ కోసమే జరిగిందని అనిపించినా, ఈ రెంటిలో ఏ ఒక్కటి చాలు, అధికారి దరఖాస్తును తిరస్కరించవచ్చు. నిజమైన పెళ్లి చేసుకున్నవారు, తమ పెళ్లి నిజమైనదే కనుక భయం లేదని ఈ ఫారాన్ని అరగంటలో నింపేస్తారు. తప్పులు దొర్లేది అక్కడే.

అన్నిటికంటే ముందు తేదీలు. మన ముహూర్తాలు ఎక్కువగా రాత్రివేళ ఉంటాయి. శుభలేఖలో "శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం" అని అచ్చు వేస్తారు, సుముహూర్తం రెండు గంటల పద్నాలుగు నిమిషాలకు అంటారు, రిసెప్షన్ శనివారం సాయంత్రమే అయిపోతుంది. రిజిస్ట్రార్ దగ్గర మేనమామ శనివారం తేదీ చెబుతాడు, అమ్మాయి ఫారంలో ఆదివారం తేదీ వేస్తుంది, అబ్బాయి తన ఫారంలో మళ్లీ శనివారం వేస్తాడు. ఈ తెల్లవారితే లెక్క తెలియని అధికారికి కనిపించేది, తమ పెళ్లి రోజు మీదే ఏకాభిప్రాయం లేని దంపతులు. అర్ధరాత్రి దాటాక తాళి కట్టి ఉంటే, ఇంగ్లిష్ క్యాలెండరు ప్రకారం ఆ తర్వాతి తేదీయే పెళ్లి తేదీ. ధ్రువపత్రంలో వేరేగా పడి ఉంటే దరఖాస్తుకు ముందే సరిచేయించుకోవాలి. శుభలేఖను మాత్రం మళ్లీ అచ్చు వేయించకూడదు; ముహూర్తం అర్ధరాత్రి తర్వాత వచ్చినందువల్ల కార్డు మీద రెండు రోజుల పేర్లు ఉన్నాయని వివరణ లేఖలో రెండు వాక్యాలు రాస్తే సరిపోతుంది.

తర్వాత కథ. కన్సల్టెన్సీల దగ్గర సిద్ధంగా ఉండే ఉత్తరాలు నేను చాలా చూశాను. తొలి చూపులోనే ఒకరికొకరు నచ్చారని, అభిరుచులు కలిశాయని, ఒకరు లేక మరొకరు ఉండలేకపోతున్నారని అందరి గురించీ ఒకే రాత. పెద్దలు కుదిర్చిన పెళ్లిని ప్రేమకథగా మార్చి రాయడం కంటే తెలివితక్కువ పని లేదు. అటువంటి పెళ్లి కెనడా అధికారులకు కొత్త కాదు. అదేమిటో వారికి తెలుసు, దాన్ని తక్కువగా చూడరు. వారు వెతికేది మీ సంప్రదాయంలో మామూలుగా జరిగేదానికి భిన్నంగా ఏం జరిగిందన్నది. అబ్బాయికి సెలవు తక్కువై పెళ్లిచూపులు జరిగిన రెండు వారాలకే పెళ్లి చేసి ఉంటే, సెలవు కాగితం జతచేసి ఆ మాటే రాయాలి. వయసులో తేడా ఎక్కువగా ఉన్నా, ఒకరికి రెండో పెళ్లి అయినా, కులాంతరం కావడం వల్ల ఒక వైపు పెద్దలు రాకపోయినా, అధికారి అడగకముందే మీరు చెప్పాలి. పెళ్లయిన వెంటనే ఆషాఢం వచ్చిందని అమ్మాయి తెనాలిలో పుట్టింటికి వెళ్లిపోతే, ఆ నెలలో ఇద్దరూ వేర్వేరు ఇళ్లలో ఎందుకున్నారో తెలియని మనిషికి అది అనుమానంగా తోస్తుంది. ఆషాఢ మాసపు ఆచారాన్ని ఒక వాక్యంలో రాయాలి. హనీమూన్‌కు వెళ్లకపోతే వెళ్లలేదనే రాయాలి. సత్యనారాయణ వ్రతం, మూడు నిద్రలు అయ్యేసరికి సెలవు అయిపోయిందన్నది చాలా ఇళ్లలో నిజం, ఆ నిజం సరిపోతుంది.

ఇద్దరూ విడివిడిగా, ఒకరి రాత మరొకరు చూడకుండా, సంబంధం గురించి మొదట విన్న రోజు నుంచి నేటి వరకు తేదీల వారీగా తెలుగులో రాసుకోవాలి. ఆ తర్వాత ఫోనులో కూర్చుని రెండు రాతలను పోల్చుకోవాలి. పెళ్లిచూపులు మార్చిలో అని ఒకరు, ఏప్రిల్‌లో అని ఒకరు రాస్తే, వాదించుకోకుండా రైలు టికెట్టో, వాట్సాప్‌లో వచ్చిన మొదటి సందేశమో తీసి చూడాలి. అలా తేలిన తేదీలతో ఇంగ్లిష్‌లో మీ మాటల్లో రాయాలి. ముందుగా సమాధానాలు బట్టీ పట్టించే పద్ధతికీ దీనికీ తేడా ఇంటర్వ్యూకు పిలిచినప్పుడు తెలుస్తుంది: బట్టీ పట్టినవారికి ప్రశ్న వరుస మారితే నోరు పెగలదు, తమ జీవితాన్ని తాము రాసుకున్నవారు ఎటు నుంచి అడిగినా చెప్పగలరు. అబద్ధం మాత్రం ఒక్కటి కూడా వద్దు. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే 5 ఏళ్ల పాటు కెనడాలో ప్రవేశం ఉండదు.

ఫొటోలు 20కి మించకూడదు. అందులో పెళ్లివి ఆరే ఉండాలి, ఫొటోగ్రాఫర్ సీతానగరం ఘాట్‌లో పొగ వదిలి తీసిన ప్రీ వెడ్డింగ్ ఫొటోలు అసలు ఉండకూడదు. జీలకర్ర బెల్లం పెడుతున్నది, తలంబ్రాలది, ఇద్దరి తల్లిదండ్రులతో కలిసి దిగినది, బంధువుల గుంపు ఉన్నది, మిగతావి పెళ్లి తర్వాత ఫోనులో తీసుకున్న మామూలు ఫొటోలు. ప్రతి ఫొటో కింద తేదీ, ఊరు, అందులో ఉన్నవారి పేర్లు, వరుసలు ఉండాలి. చాట్లు, కాల్ జాబితాలు పది పేజీలకు లోబడి ఉండాలి. ఒక్క వారం చాట్ మొత్తం కాకుండా, నెలకు కొంచెం చొప్పున మొదటి నుంచి ఇప్పటివరకు తీసుకోవాలి. మందుల గురించి, కరెంటు బిల్లు గురించి, ఆడపడుచుతో వచ్చిన చిన్న మనస్పర్థ గురించి మాట్లాడుకున్న చాట్, వంద ముద్దు బొమ్మలున్న చాట్ కంటే మేలు.

పంపిన తర్వాత

బయోమెట్రిక్స్ లేఖ వచ్చాక హైదరాబాద్‌లోని వీసా కేంద్రంలో 30 రోజుల్లోపు వేలిముద్రలు ఇవ్వాలి. వైద్య పరీక్షను కెనడా గుర్తించిన ప్యానెల్ డాక్టరు దగ్గరే చేయించుకోవాలి, ఇంటి పక్క డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ కాగితం పనికిరాదు. పాత జబ్బులను దాచనక్కరలేదు. చికిత్స ఖర్చు ప్రభుత్వానికి భారమవుతుందన్న కారణంతో స్పాన్సర్ చేసిన భార్యను కాదనరు. తిరస్కరణ లేఖ వస్తే, అప్పీల్ చేయడానికి స్పాన్సర్‌కు ఉన్నది 30 రోజులు; ఆ గడువు దాటనివ్వకూడదు.

ఆమోదం వచ్చాక పీఆర్ ధ్రువీకరణ పత్రంలో పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూసి, అందులో ఉన్న గడువులోపే ప్రయాణం పెట్టుకోవాలి. మంచి రోజు చూడాలన్నా ఆ గడువులోనే చూసుకోవాలి. ఫైలు నడుస్తుండగా బిడ్డ పుడితే, పురుడు ఎక్కడ పోసుకున్నా సరే, జనన ధ్రువపత్రం రాగానే ఇమిగ్రేషన్ శాఖకు తెలియజేయాలి. తల్లి అక్కడ దిగేలోపు ఆ పేరు ఫైలులోకి ఎక్కకపోతే, తర్వాత ఆ బిడ్డను స్పాన్సర్ చేయడానికి కూడా, చెప్పని భార్య విషయంలో పైన చెప్పిన నిబంధనే అడ్డు నిలుస్తుంది.