1930ల క్రాస్ కట్ గౌను: అంచు దిగినా, కుట్టు తెగినా

1930ల గౌన్లు ఒంటి మీద అంత ఒద్దికగా జారడానికి కారణం బట్టను ఏటవాలుగా కోయడమే. పారిస్‌లో డిజైనర్ మడెలైన్ వియోనె పేరు మోగించిన ఈ కోత, 15 సెంట్ల పేపర్ ప్యాటర్న్‌లతో (బట్ట మీద పరిచి కోసుకునే నమూనా కాగితాలు) అమెరికాలో మామూలు ఇళ్లకూ చేరింది. మన క్రాస్ కటింగ్ జాకెట్టులో ఉన్నదీ ఈ సాగుడే. కాకపోతే అక్కడ జానెడు బట్ట, ఇక్కడ మెడ నుంచి పిక్కల దాకా.

అడుగు అంచు ఒకచోట దిగి, ఒకచోట ఎక్కింది

కుట్టిన రోజు సమంగానే ఉంటుంది, వారానికి బయటపడుతుంది. పడుగు (బట్ట పొడవునా సాగే పోగు) నిలువుగా ఉన్నచోట బట్ట సాగదు, ఏటవాలు పడ్డచోట సొంత బరువుకే సాగుతుంది. అంచు మడవకుండా గౌనును 24 గంటలు హ్యాంగర్‌కు వేలాడదీయండి. బరువైన క్రేప్ అయితే 48. తర్వాత చెప్పులతో సహా వేసుకుని కదలకుండా నిలబడాలి. ఇంకొకరు నేల మీద స్కేలు నిలబెట్టి, చుట్టూ తిరుగుతూ 12 అంగుళాల ఎత్తున రెండేసి అంగుళాలకు సుద్దగుర్తు పెట్టాలి. ఆ గీతకు అరంగుళం కింద కత్తిరించి, పావంగుళం చొప్పున రెండుసార్లు మడిచి చేత్తో హెమ్మింగ్ చేయండి. రెండంగుళాల మడత వద్దు: గేరు కింద వెడల్పు, పైన సన్నం కాబట్టి మడిచిన బట్ట ముడతలు పడుతుంది.

పక్క కుట్టు ముందుకు తిరిగిపోయింది

బట్టను రెండు పొరలు వేసి ఒకేసారి కోసినప్పుడు కింది పొర జారి ఉంటుంది. లేదా కుడి, ఎడమ ముక్కలు రెండూ ఒకే వాలులో పడి ఉంటాయి. కోశాక దీనికి పూర్తి మందు లేదు. కుట్టు విప్పి, ముక్కలు వేలాడదీసి మళ్లీ కచ్చా కుట్టు వేస్తే కొంత తగ్గుతుంది. ఈసారి ఒక పేక (అడ్డం) పోగు లాగి, ఆ గీత వెంట బట్ట కొసను సరిచేయండి. బట్ట పక్కనుండే నేత అంచును ఆ కొసకు ఆనించి త్రికోణంగా మడిస్తే, మడత గీతే 45 డిగ్రీల ఏటవాలు. ఒక్క పొరలోనే కోసి, రెండో ముక్కకు కాగితం తిరగేయండి.

కూర్చోగానే కుట్టు పుటుక్కుమంది

బట్ట సాగింది, దారం సాగలేదు. అప్పటి ఇంటి మిషన్లకు నేరుకుట్టే గతి. దారం బిగువు కాస్త వదిలి, బట్టను ముందూ వెనకా కొద్దిగా లాగి పట్టుకుని కుట్టండి. ఇప్పటి మిషన్ అయితే 0.5 మి.మీ. వెడల్పు, 2.5 మి.మీ. పొడవు జిగ్‌జాగ్ చాలు. వేలాడితే బట్ట సన్నబడుతుంది కాబట్టి మార్జిన్ అంగుళం వదలండి.

మెడ నోరు తెరిచింది

పావంగుళం నాడాను కాగితం మీది మెడ గీత కొలతకే కోసి లోపల కుట్టండి. సాగిపోయిన బట్టను కొలిచారో, తప్పు అలాగే ఉండిపోతుంది.

పక్కన టిచ్ బటన్లు ఊడుతున్నాయి

ఎడమ చంక కింద ఉండే సందుకు ఏటవాలు పట్టీ వేసి ఉంటారు. నిలువుపోగు పట్టీకి మార్చి, లాగుడంతా పడే నడుము దగ్గర హుక్కు పెట్టండి.

సైజు 16 ప్యాటర్న్ కొంటే బిగుతు

అప్పటి 16 అంటే ఛాతీ 34 అంగుళాలు, ఇప్పటి ప్యాటర్న్‌లలో 38. నంబరు వదిలేసి ఛాతీ కొలత చూసి కొనండి.

ఉతికితే చిరిగింది

రేయాన్ తడిస్తే బలహీనపడుతుంది. పిండకుండా తువ్వాలులో చుట్టి నీరు తీసి, పరిచి ఆరబెట్టండి. తీగ మీద వేశారో, కష్టపడి సరిచేసిన అంచు మళ్లీ దిగుతుంది.