చిప్పు మీది చిన్న అక్షరాలు చదివి కొనండి

కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోట తీర్థంలో గంగలకుర్రు అగ్రహారం ప్రభ, అంటే జనం భుజాల మీద మోసే ఎత్తయిన దేవుడి అలంకారం, కౌశిక ఏరు దాటేది కాసేపే. సరిగ్గా అప్పుడే మెమరీ కార్డు వేగం చాలక కెమెరా రికార్డింగు ఆపేస్తే మళ్ళీ ఏడాది ఆగాలి. అలా ఆగినప్పుడు తప్పు చాలాసార్లు లోపలున్న ఆ చిప్పుదే, అంటే కార్డుదే.

సెల్ షాపులో ముందు చూపించేది ఎన్ని జీబీలో, ఆ తర్వాత కార్డు మీద పెద్దగా వేసిన 150, 170 లాంటి అంకె. అది సెకనుకి ఎన్ని ఎంబీలు చదవగలదో చెబుతుంది. వీడియోకి కావాల్సింది రాసే వేగం, అదీ ఎంతసేపు తీసినా తగ్గని కనీస వేగం. దాని గుర్తులు చిన్నగా ఉంటాయి, వెతికి చూడాలి. సీ అక్షరం లోపల 10, యూ లోపల 1, వీ10, ఈ మూడింటి అర్థం ఒకటే: సెకనుకి కనీసం 10 ఎంబీ. యూ లోపల 3 ఉన్నా, వీ30 అని ఉన్నా 30 ఎంబీ. వీ60, వీ90లకి ఆ అంకే వేగం.

మీకు ఏది కావాలో కెమెరా మెనూయే చెబుతుంది. అందులో బిట్‌రేటు, అంటే సెకనుకి ఎంత వీడియో రాస్తుందో, మెగాబిట్లలో ఉంటుంది, 8తో భాగిస్తే ఎంబీలు వస్తాయి. 4కే వీడియో 100 మెగాబిట్లయితే సెకనుకి 12.5 ఎంబీ. వీ10 చాలదు, వీ30 హాయిగా లాగుతుంది. 400 మెగాబిట్లయితే 50 ఎంబీ, అప్పుడు వీ60 తప్పదు. ఈ వీ60, వీ90 కార్డులకి సాధారణంగా వెనక రెండు వరసల పిన్నులుంటాయి, యూహెచ్‌ఎస్-2 అంటారు. కెమెరా స్లాటులో ఆ రెండో వరస లేకపోతే కార్డు ఒక్క వరస కార్డుల వేగంతోనే నడుస్తుంది, పెట్టిన డబ్బు దండగ.

అదే 100 మెగాబిట్ల లెక్కన గంటకి 45 జీబీ. 128 జీబీ కార్డు సుమారు 2 గంటల 50 నిమిషాలు వస్తుంది. పెళ్ళి తీసేవాళ్ళు 512 జీబీది ఒకటి కొనేకన్నా 128వి నాలుగు కొనడం మేలు. ఒకటి పోయినా తలంబ్రాలో, అప్పగింతలో ఏదో ఒక్కటే పోతుంది, పెళ్ళంతా పోదు. ఎస్‌డీహెచ్‌సీ అనే పాత రకం కార్డుల వరకే తీసుకునే కెమెరాలకి మాత్రం 32 జీబీయే హద్దు. వాటిలో ఫైళ్ళు సర్దే ఫ్యాట్32 పద్ధతి వల్ల ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు, అందుకే పెద్ద వీడియో ముక్కలుగా వస్తుంది. అది కార్డు లోపం కాదు.

ఫోనుకి కొనేముందు అసలు స్లాటుందో లేదో చూడండి. కొన్నింట్లో రెండో సిమ్ము తీస్తేనే కార్డుకి చోటు. యాప్‌లు కార్డులో పెట్టుకునేవాళ్ళకి ఏ1, ఏ2 గుర్తులు పనికొస్తాయి. ఫొటోలకి, పాటలకి వాటితో పనిలేదు.

రొయ్యల చెరువు గట్టు మీద కెమెరా సంగతి వేరు. అది రాత్రీపగలూ రాస్తూ, నిండగానే పాతది చెరిపి మళ్ళీ రాస్తుంది. 2 మెగాబిట్లకే రోజుకి సుమారు 21.6 జీబీ. మామూలు కార్డు ఆ అరుగుదలకి త్వరగా చచ్చిపోతుంది. ఎక్కువసార్లు రాసినా తట్టుకునే, హై ఎండ్యూరెన్స్ అని రాసున్నదే తీసుకోండి. రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్ళు పాడవుతాయి కాబట్టి కెమెరాకి చిన్న బ్యాటరీ బ్యాకప్పు కూడా పెట్టండి.

ఇక నకిలీలు. 64 జీబీ కార్డు 59.6 చూపిస్తే మోసం కాదు, కంప్యూటరు లెక్కించే తీరు వేరు. అసలు మోసం ఏంటంటే, లోపల 8 జీబీయే ఉండి 64 అని చెప్పేలా కార్డుని మార్చేస్తారు. 8 దాటాక ఫొటోలు ఎక్కినట్టే కనిపిస్తాయి, తెరవబోతే తెరుచుకోవు. కొన్న రోజే కంప్యూటర్లో పెట్టి పరీక్షించండి: విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే ప్రోగ్రాములున్నాయి. కార్డు మొత్తం నింపి, తిరిగి చదివి చూస్తాయి. సెకనుకి 20 ఎంబీ రాసే 128 జీబీ కార్డు నిండటానికే గంటా ముప్పావు పడుతుంది, ఓపిక పట్టాలి. బిల్లు మాత్రం దాచుకోండి.

పని మొదలుపెట్టేముందు ఫైళ్ళు కాపీ చేసుకుని, కార్డుని కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. కార్డు లాకయిందని వస్తే కార్డు పక్కనో, చిన్న కార్డు పెట్టే అడాప్టరు పక్కనో ఉన్న చిన్న మీట కిందకి జారి ఉంటుంది, పైకి నెట్టండి. ఏసీ గదిలోంచి మన ఉక్కలోకి కెమెరా తెస్తే చెమ్మ పడుతుంది. సంచి జిప్పు తీయకుండా అరగంట ఉంచి, తర్వాతే కార్డు తలుపు తెరవండి. అంతర్వేది తీరంలో కార్డు మార్చేటప్పుడు గాలికి వీపు పెట్టి మార్చండి, ఇసుక రేణువొకటి స్లాటులో పడినా పిన్నులు పాడయ్యే ప్రమాదముంది.

పొరపాటున ఫొటోలు చెరిపేస్తే ఇంకొక్క ఫొటో కూడా తీయకుండా కార్డు బయటికి తీసేయండి. చెరిపినవి చాలాసార్లు లోపలే ఉంటాయి, వాటి మీద కొత్తవి పడితేనే పూర్తిగా పోతాయి. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాముతో వెతికించి, దొరికినవాటిని కంప్యూటరు డిస్కులోకే దించుకోండి, అదే కార్డులోకి వద్దు.