వికీపీడియాలో సినిమా వ్యాసాన్ని బాగు చేయడం ఎలా?

తెలుగు వికీపీడియాలో ఒక ఖాతా, సినిమా ప్రింటు, పాటల పుస్తకం, దొరికితే పాత పత్రికల స్కాన్లు ఉంటే చాలు. ఉదాహరణకి 1957 నాటి మాయాబజార్ తీసుకుందాం.

ముందు పొగడ్తలు తీసేయండి. ‘అజరామర దృశ్యకావ్యం’, ‘నటవిశ్వరూపం’ లాంటివి ఒక్కటి కూడా మిగలకూడదు. దర్శకుడు కె.వి.రెడ్డి, నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి, తెలుగులో విడుదల 1957 మార్చి 27 అని రాస్తే ప్రవేశిక (వ్యాసం మొదట్లో ఉండే పరిచయం) మొదలైనట్టే. తారాగణం టైటిల్స్ వరుసలోనే ఉండాలి. కథ అన్నిటికంటే చివర రాయాలి. ముందే కథ మొదలుపెట్టినవాళ్లు సీను సీనూ చెప్పుకుంటూ పోతారు, మూలాల (సమాచారం ఎక్కడిదో చూపే ఆధారాల) దాకా వచ్చేసరికి ఓపిక అయిపోతుంది.

అసలు చిక్కంతా మూలాల దగ్గరే. పేరా చివర ఒక లింకు తగిలించి, అది పేరా మొత్తానికీ సరిపోతుందనుకుంటారు. ‘సంగీతం ఘంటసాల, కొన్ని బాణీలు సాలూరు రాజేశ్వరరావువి’ అన్న వాక్యమే చూడండి. మొదటి సగానికి టైటిల్ కార్డు చాలు. రెండో సగం అందులో ఉండదు, దానికి వేరే మూలం కావాలి. ‘లాహిరి లాహిరి’ పాటలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే వెన్నెలను ఎలా చూపించారన్నదీ అంతే. చెప్పింది ఎవరో, ఎక్కడో తేలనిదే ఆ ముచ్చట వ్యాసంలోకి రాకూడదు.

ఇంకో ప్రమాదం, మన వికీపీడియా నుంచే ఎత్తి రాసిన సైట్లు. గూగుల్‌లో దొరికిన పేజీలో మన వాక్యమే, మన అచ్చుతప్పుతో సహా కనిపిస్తే అనుమానించండి. వ్యాసంలో చేసిన మార్పులన్నీ తేదీలతో కనిపించే ‘చరిత్ర’లోకి వెళ్లి ఆ వాక్యం ఎప్పుడు చేరిందో చూడండి. సైట్ పేజీ తేదీ ఆ తర్వాతిదైతే అది మూలం కాదు. ఈ ఒక్క పని చేయకుండా పది లింకులు పెట్టినా వ్యాసం బలపడదు.

ఏ మూలం దేనికి పనికొస్తుందో కూడా చూసుకోవాలి. 2010 జనవరి 30న ఈ సినిమా రంగుల్లో విడుదలైనప్పుడు వచ్చిన వార్త, రంగులు వేసిన సంగతికి గట్టి మూలమే. 1957 సంగతులకు మాత్రం ఆనాటి పత్రికలే ముందు చూడాలి. శతదినోత్సవ ప్రకటన నిర్మాత వేయించుకునేది. ఏయే హాళ్ల పేర్లు ప్రకటించారో దాన్నిబట్టి రాయొచ్చు, వసూళ్లు రాయకూడదు. పాటల పుస్తకం గీత రచయితల పేర్లకు భేషుగ్గా ఉంటుంది. కథకు కాదు, ఎందుకంటే సగంలో ఆపి ‘మిగతాది వెండితెరపై చూడండి’ అనడం వాటి అలవాటు.

పత్రికను చూపించేటప్పుడు పేరు, తేదీ, పేజీ సంఖ్య మూడూ ఇవ్వండి. మూలం దొరకని వాక్యాన్ని ఆ వ్యాసానికి జతగా ఉండే చర్చ పేజీకి తరలించి, ఎక్కడెక్కడ వెతికారో కింద రాయండి. మార్పుల సారాంశంలో ఏం తీశారో, ఎందుకు తీశారో చెప్పి ప్రచురించండి.