రోడ్డు కింది తూము మార్చాలంటే నిధులు ఎక్కడ ఆగుతాయి, ఎలా కదులుతాయి

సమస్య: వాన వెలిసి రెండు రోజులైనా చేలో నీరు దిగదు

అంచనా వేయించే ముందు నీరు నిలిచి ఉండగానే తూముకు రెండు వైపులా మట్టం చూడండి. మేస్త్రీల లెవెల్ ట్యూబు చాలు. ఎగువన జానెడు, అంతకు మించి ఎత్తుంటే తూమే అడ్డు. రెండు వైపులా సమానంగా ఉంటే తప్పు దిగువన ఉంది: డ్రెయిన్ పూడింది, గుర్రపుడెక్క పట్టింది, లేదా సముద్రపు పోటుకు నీరు ఎదురెక్కుతోంది. అప్పుడు కొత్త తూముకు పెట్టే డబ్బు దండగే. కొలతలు, తేదీ ఉన్న ఫొటోలు దాచండి. దరఖాస్తుకు అంతకన్నా గట్టి ఆధారం లేదు.

సమస్య: పంచాయతీ తీర్మానం పంపితే తిరిగొచ్చింది

రోడ్డు ఎవరిదో చూడకుండా పంపి ఉంటారు. ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) రోడ్డయితే ప్రతిపాదన ఆ శాఖ నుంచే వెళ్లాలి. కింద పారేది గోదావరి డెల్టాలోని యనమదుర్రు, కౌశిక లాంటి డ్రెయిన్ అయితే జలవనరుల శాఖ అనుమతి కూడా కావాలి.

సమస్య: "నిధులు లేవు"

చాలాసార్లు పని మొత్తాన్ని ఒకే పద్దులో అడగడమే కారణం. విడదీయండి.

బోదె తవ్వకం, పూడికతీత ఉపాధి హామీకి. అందులో కూలి 60, సామగ్రి 40 నిష్పత్తి; సామగ్రి వాటా చాలాచోట్ల సీసీ రోడ్లకే అయిపోతుంది కాబట్టి పైపులకు దాన్ని నమ్ముకోవద్దు.

పైపులు, కాంక్రీటు ఆర్థిక సంఘం గ్రాంటులోని అన్‌టైడ్ (ఫలానా పనికే అన్న షరతు లేని) భాగం నుంచి. 2021-26 మధ్య ఇది 40 శాతం. మిగతా 60 తాగునీటికి, పారిశుధ్యానికే. కొత్త ఏడాది వాటా మార్గదర్శకాల్లో చూసుకోండి. ఏ పనైనా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఎక్కి, పంచాయతీ పనుల పోర్టల్ ఈ-గ్రామ్ స్వరాజ్‌లో కనిపించాలి. గ్రామసభలోనే రాయించాలి.

వరదకు తూము కొట్టుకుపోతే రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి. అది పాతదాన్ని తిరిగి నిలబెట్టడానికే. సైజు పెంచే అదనపు ఖర్చు వేరే పద్దులో చూపాలి. నష్టం నమోదు బృందం వచ్చిన రోజే మీ తూము జాబితాలో చేరాలి.

నాబార్డు ఆర్‌ఐడీఎఫ్ (గ్రామీణ మౌలిక సదుపాయాల అభివృద్ధి నిధి) రాష్ట్రానికిచ్చే అప్పు, పంచాయతీకి నేరుగా రాదు. ఒకే డ్రెయిన్ మీది తూములన్నీ కలిపి శాఖ ద్వారా ప్రతిపాదించాలి.

సమస్య: కొత్తది వేసినా అదే ముంపు

పాత సైజే వేస్తే అంతే. 600 మి.మీ. బదులు 900 మి.మీ. పైపు అదే వాలులో నిండా పారితే దాదాపు మూడింతల నీరు లాగుతుంది. పైపు అడుగు పూడిక మీద కాదు, డ్రెయిన్ అసలు అడుగు మట్టానికి కూర్చోవాలి. పైన 60 సెం.మీ. మట్టి కప్పు దొరకని పల్లపు రోడ్లకు బాక్స్ కల్వర్టే (పెట్టె ఆకారపు కాంక్రీటు తూము) సరి. ఒండ్రు బంకమట్టిలో కింద కాంక్రీటు పరుపు లేకపోతే పైపులు కుంగి అతుకులు విడిపోతాయి. ఆ సందుల్లోంచి మట్టి జారి రోడ్డు గుంట పడుతుంది.

పని మొత్తం వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేసిన ఆ కొద్ది వారాల్లో ముగియాలి. అందుకే సాంకేతిక అనుమతి, టెండరు ఫిబ్రవరికల్లా పూర్తవ్వాలి.