టాలీలో సైటు లెక్కలు – 4: బిల్లు ఒకటి, బ్యాంకులో పడేది ఇంకోటి

టాలీలో (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) కాంట్రాక్టు సైట్ల ఖాతాల మీద ఇది నాలుగో పాఠం. ఇందులో గోడౌన్లు, సిమెంటు స్టాకు చెప్దామనుకున్నాను. పోయిన పాఠం చదివి మీరు పంపిన ఫైళ్లు చూశాక అది పక్కన పెట్టేశాను. కొందరి సైట్లలో కళ్లు తిరిగే లాభం కనిపిస్తోంది, కొందరికి బాగా నడుస్తున్న సైటు మీద నష్టం చూపిస్తోంది. రెండూ అబద్ధమే.

ముందు లాభాల సంగతి. ఆర్ఏ (రన్నింగ్ అకౌంట్) బిల్లు, అంటే పని నడుస్తుండగా మధ్యమధ్యలో పని ఇచ్చిన పార్టీకి పెట్టే బిల్లు. అందులో మూడు అంకెలు ఉంటాయి: మొదటి నుంచి ఇప్పటిదాకా అయిన పని, పోయిన బిల్లు దాకా అయిన పని, ఈ బిల్లులో అయిన పని. టాలీలో కొట్టాల్సింది మూడోదే. మొదటి బిల్లు 4 లక్షలు, రెండో బిల్లు నాటికి మొత్తం పని 9 లక్షలైతే రెండో బిల్లు కింద 5 లక్షలే ఎక్కాలి. మీరు 9 కొట్టారు, 13 లక్షల పని చేసినట్టు వచ్చింది, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా చూపిస్తోంది, ఇక టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది? ఎంట్రీ తెరిచి సరిచేయండి. ఆ నెల జీఎస్టీ రిటర్ను ఇప్పటికే వేసేసి ఉంటే మాత్రం చేయి పెట్టకుండా మీ ఆడిటర్‌ని అడగండి.

ఇక నష్టాలు. నాకు చిరాకు తెప్పించేది ఇదే, కాబట్టి కాస్త సాగదీస్తాను. బ్యాంకులో ఎంత పడిందో అంతే సేల్స్ అని రాయడం, లేదా తగ్గిన డబ్బుని 'డిస్కౌంట్' అనో 'ఇతర ఖర్చులు' అనో తోసేయడం. అదే 5 లక్షల బిల్లు తీసుకోండి. జీఎస్టీ 90,000 కలిపి 5,90,000. పార్టీ టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే ఇన్‌కమ్ ట్యాక్స్) కింద 5,000 పట్టుకుంది (మీరు సొంత పేరు మీద చేస్తుంటే 1 శాతం, ఫర్మో కంపెనీయో అయితే 2, బిల్లులో జీఎస్టీ విడిగా చూపిస్తే అది కలపని మొత్తం మీదే లెక్క). రిటెన్షన్ (పనికి హామీగా పార్టీ కొన్నాళ్లు ఆపి ఉంచుకునే డబ్బు) 5 శాతం, అంటే 25,000 ఆపింది. మీ ఖాతాలో పడింది 5,60,000. ఆ 30,000 ఎక్కడికీ పోలేదండీ. టీడీఎస్ మీ పేరు మీద ముందుగా కట్టిన ఇన్‌కమ్ ట్యాక్స్, రిటెన్షన్ ఇంకా పార్టీ దగ్గరే ఉన్న మీ డబ్బు. దాన్ని ఖర్చులో వేస్తే సైటు నష్టంలో కనబడటం ఒక బాధ, ఏడాది తర్వాత అడగాలని గుర్తుండకపోవడం ఇంకో బాధ.

ఎంట్రీలు ఇలా. ఎఫ్8లో (సేల్స్) పూర్తి బిల్లు: పార్టీ 5,90,000 డెబిట్, పని ఆదాయం 5,00,000 (కాస్ట్ సెంటర్‌లో, అంటే ఏ సైటు లెక్కో విడిగా చూపించే చోట, సైటు పేరు), సీజీఎస్టీ 45,000, ఎస్‌జీఎస్టీ 45,000. ఎఫ్6లో (రిసీట్) బ్యాంకుకి వచ్చిన 5,60,000. తర్వాత ఎఫ్7లో (జర్నల్) టీడీఎస్ రిసీవబుల్ 5,000, రిటెన్షన్ 25,000 డెబిట్, పార్టీ 30,000 క్రెడిట్. పార్టీ బ్యాలెన్సు సున్నాకి రావాలి, రాకపోతే ఆగండి. టీడీఎస్, రిటెన్షన్ లెడ్జర్లు (విడి ఖాతాలు) రెండూ కరెంట్ అసెట్స్ కింద పెట్టండి. రిటెన్షన్ లెడ్జరు సైటుకొకటి పెట్టమంటాను, 'రిటెన్షన్ – కొంపల్లి' అని. అందరివీ ఒకదాంట్లో కలిపితే తర్వాత వెతుక్కోలేక చస్తారు. నెరేషన్‌లో (ఎంట్రీ కింద రాసే వివరణ) బిల్లు నంబరు, అగ్రిమెంటు ప్రకారం డబ్బు తిరిగి రావాల్సిన తేదీ రాయండి.

తరువాతి బిల్లుకి నేను మళ్లీ మొదటి నుంచి కొట్టను, డే బుక్‌లో (ఎంట్రీలన్నీ తేదీల వారీగా కనిపించే చోటు) పాత ఎంట్రీ మీద ఆల్ట్+2 నొక్కి కాపీ తీసుకుని తేదీ, అంకెలు మారుస్తాను. నెరేషన్ కూడా మార్చండి, అది చాలామంది వదిలేస్తారు.

కాస్ట్ సెంటర్లలో సిమెంటు, ఇసుక, మేస్త్రీ అని పెట్టుకున్నవాళ్లు వాటిని తీసేయండి. అవి లెడ్జర్లు. కాస్ట్ సెంటరంటే సైటు, అంతే.

ఇక సాధన. మీ సైట్లలో బిల్లులు పూర్తయిన పాతదొకటి తీసుకుని మొదటి ఆర్ఏ నుంచి ఫైనల్ దాకా టాలీలో ఒక ఖాళీ కంపెనీ తెరిచి అందులో మళ్లీ కొట్టండి. ఫైనల్ బిల్లులోని మొత్తం పని విలువకి ఆ కాస్ట్ సెంటర్ ఆదాయం రూపాయి తేడా లేకుండా సరిపోవాలి. టీడీఎస్ లెడ్జర్‌ని 26ఏఎస్‌తో (మీ పాన్ మీద కట్టిన ట్యాక్స్ చూపించే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల స్టేట్‌మెంట్) పోల్చి చూడండి. పార్టీ పట్టుకుని కట్టనివి, వేరే పాన్ మీద కట్టినవి అక్కడే బయటపడతాయి, అప్పుడు పార్టీకి ఫోన్ చేసి వాళ్ల టీడీఎస్ రిటర్ను సరిచేయించుకోవాలి. ఒక ఆదివారం పూర్తిగా పడుతుంది. గోడౌన్లు వచ్చే పాఠంలో.