బరంపురం నుంచి జయపురం దాకా: 1977 ఎన్నికల జ్ఞాపకాలను పెద్దల నుంచి సేకరించడం ఎలా

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్లలో 1977 మార్చి లోక్‌సభ ఎన్నికల్లో ఓటు వేసినవారు ఇంకా ఉన్నారు. అప్పట్లో ఓటు హక్కు రావాలంటే 21 ఏళ్లు నిండాలి గనుక, వారిలో అందరికన్నా చిన్నవారికి కూడా ఇప్పుడు డెబ్బయ్యేళ్లు పైబడుతున్నాయి. అత్యవసర పరిస్థితి అమల్లో ఉండగానే జరిగిన ఆ ఎన్నికల్లో, ఒడిశాలో ఉంటూ తెలుగు మాట్లాడే ఓటరు ఏమనుకున్నాడో చెప్పగలిగేది వారే. ఆ మాటలను నమోదు చేసే పని ఇంటి పిల్లలే చేయాలి, ఆలస్యం చేయకుండా మొదలుపెట్టాలి.

పెద్దల దగ్గరికి వెళ్లేముందు తేదీలన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి పెట్టుకోండి. 1971లో రాయ్‌బరేలీ నుంచి ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి జగ్‌మోహన్‌లాల్ సిన్హా 1975 జూన్ 12న తీర్పు ఇచ్చారు. జూన్ 24న సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ షరతులతో స్టే ఇచ్చారు. మరునాటి రాత్రే రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ రాజ్యాంగం 352వ అధికరణం కింద అత్యవసర పరిస్థితి ప్రకటనపై సంతకం చేశారు. 1976 మార్చితో ముగియవలసిన లోక్‌సభ గడువును ఏడాది చొప్పున రెండుసార్లు పొడిగించారు. 42వ సవరణ సభ పదవీకాలాన్నే ఆరేళ్లకు పెంచింది. 1977 జనవరి 18న ఎన్నికల ప్రకటన వెలువడింది, మార్చి 16 నుంచి 20 వరకు పోలింగు జరిగింది, 21న అత్యవసర పరిస్థితిని ఎత్తివేశారు. వీటి పక్కనే మన వైపు సంగతి కూడా రాసుకోండి. 1976 డిసెంబరులో నందినీ శతపథి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేయగా, కొద్దిరోజుల రాష్ట్రపతి పాలన తరువాత బరంపురానికి చెందిన బినాయక్ ఆచార్య ముఖ్యమంత్రి అయ్యారు. ఢిల్లీ తేదీలు గుర్తుకు రానివారికి కూడా సొంత ఊరి మనిషి ముఖ్యమంత్రి అయిన చలికాలం గుర్తుండే అవకాశం ఉంది, కనుక సంభాషణను అక్కడి నుంచి మొదలుపెట్టడం మేలు.

ఫలితాలను మూడు వరసలుగా రాసుకుంటే మన ప్రశ్న తనంతట తానే తేలుతుంది. దేశం మొత్తం 542 స్థానాల్లో జనతా పార్టీకి 295, కాంగ్రెసుకు 154 వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాల్లో 41 కాంగ్రెసువే, నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా పక్షాన గెలిచారు. ఒడిశాలో 21కి 15 జనతాకు దక్కగా కాంగ్రెసుకు మిగిలినవి నాలుగే. ఆ నాలుగింటిలో కోరాపుట్ నుంచి గెలిచిన గిరిధర్ గమాంగ్‌ స్థానం, బరంపురం నుంచి గెలిచిన జగన్నాథరావు స్థానం ఉన్నాయి. అంటే రాష్ట్రమంతా ఒక దారిన పోతుంటే సరిహద్దున ఉన్న మన నియోజకవర్గాలు పొరుగు ఆంధ్ర దారిన నడిచాయి. ఎందుకు? భూముల పట్టాలా, ఆంధ్రలోని చుట్టరికాలా, తెలుగు పత్రికలా, అభ్యర్థి మీద అభిమానమా, లేక కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కోసం ఉత్తరాదిన జరిగినంత బలవంతం ఇక్కడ జరగకపోవడమా? ఈ జవాబుల్లో ఏదీ ముందుగా మనసులో పెట్టుకుని వెళ్లకూడదు. దేశం తిరగబడిందని పాఠ్యపుస్తకంలో చదివిన మనవడు తన తాతగారు కూడా తిరగబడ్డారనే వినాలని ఆశపడితే, తాతగారు ఆ ఆశకు తగినట్టే చెప్పే ప్రమాదం ఉంది.

ఇక జ్ఞాపకాన్ని సరిచూసే పద్ధతి. ఇది కాస్త నిదానంగా చేయవలసిన పని. "తాతా, ఆ రోజు ఏ గుర్తు మీద గుద్దారు?" అని అడగండి. ఎవరికి వేశారని అడగడం కన్నా ఇది మర్యాద, పైగా సంవత్సరాన్ని పట్టించే ప్రశ్న కూడా. 1977లో కాంగ్రెసు గుర్తు ఆవు, దూడ. జనతా అభ్యర్థులు చాలాచోట్ల భారతీయ లోక్‌దళ్ గుర్తు మీద, అంటే చక్రంలో నాగలి పట్టిన రైతు బొమ్మ మీద పోటీ చేశారు. చెయ్యి గుర్తు ఇందిరాగాంధీ పార్టీకి వచ్చింది 1978లో. కాబట్టి ఎవరైనా చెయ్యి గుర్తు మీద గుద్దామని చెబితే అది బహుశా 1980 జనవరి ఎన్నికల జ్ఞాపకం. కాడెడ్లు అంటే అంతకన్నా పాతది, 1969లో కాంగ్రెసు చీలిపోకముందుది. అక్కడికక్కడే తప్పు పట్టకండి. విన్నది విన్నట్టు రాసుకుని, పక్కన మీ గమనిక వేరే సిరాతో రాయండి.

రెండో చిక్కు నెలలది. ఒడిశాలో మూడు నెలలకే, 1977 జూన్‌లో, శాసనసభ ఎన్నికలు జరిగి జనతా గెలిచింది. ఆంధ్రలో శాసనసభ ఎన్నికలు 1978 ఫిబ్రవరిలో జరిగాయి. ఇచ్ఛాపురంలో పుట్టి బరంపురం కోడలుగా వచ్చిన పెద్దావిడ జ్ఞాపకాల్లో ఈ మూడూ కలిసిపోయి ఉండవచ్చు. ఆమె ఆ ఏడాది పుట్టింట ఉన్నారా, అత్తింట ఉన్నారా, పెద్దకొడుకు అప్పటికి పుట్టాడా అని అడిగితే ముడి విడుతుంది. ఆడవారిని మగవారు లేనప్పుడు విడిగా అడగడం అవసరం, ఎందుకంటే పక్కన పెదనాన్నగారు కూర్చుంటే మాట ఆయన చేతికి పోతుంది.

ఎన్నికల సంఘం 1977 గణాంక నివేదికతో పోల్చేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. అందులో గెలిచిన పార్టీ జనతా పేరుతో కాక భారతీయ లోక్‌దళ్ పేరుతో కనిపిస్తుంది. అలాగే గజపతి జిల్లా గంజాం నుంచి, రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాలు కోరాపుట్ నుంచి విడిపోయింది 1992లోనే. పర్లాకిమిడి సంగతుల కోసం ఆనాటి జిల్లా కాగితాలు వెతికేవారు గంజాం కింద, రాయగడ వారు కోరాపుట్ కింద చూడాలి.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గురించి మొదటిరోజే అడగకండి. అది ఒంటికి, పరువుకు సంబంధించిన మాట. వారంతట వారే ఎత్తితే వినండి, రికార్డరు ఆపమంటే వెంటనే ఆపండి. తెలుగులో మొదలైన వాక్యం ఒడియాలో ముగిస్తే అలాగే రాయండి, ఒడియా మాటకు అర్థం అంచున ఇవ్వండి. ఎవరికి ఓటు వేశారో చెప్పనన్నవారు ఉంటే, చెప్పడానికి ఇష్టపడలేదని తేదీతో సహా రాసి తరువాతి ప్రశ్నకు వెళ్లండి. శుద్ధప్రతి తయారయ్యాక వారికే చదివి వినిపించి, పేరు ఉంచమంటారో తీసేయమంటారో అడిగి, ఒక ప్రతి వారింట్లోనే వదిలి రండి.